చెరువుగట్టు మీద పెట్టుకునే వాచీ, భూతద్దం కింద చూసే వాచీ

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు, రోజూ రెండు పూటలా గట్ల మీద తిరుగుడు, మధ్యలో బ్యాంకు పనులు, కొనుగోలుదారులతో బేరాలు. ఇరవై ఏళ్లు కష్టపడ్డాక చేతికి ఒక్క మంచి వాచీ పెట్టుకోవాలన్న కోరిక. రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్, ఒమేగా ఆక్వా టెర్రా, గ్రాండ్ సీకో స్నోఫ్లేక్, జేజర్ లెకూల్ట్ర్ రివెర్సో, ఈ నాలుగింటిలో పనితనం దేనిది గొప్ప, రోజూ పెట్టుకోవడానికి ఏది మంచిది అని అడిగారు. మీ నాన్న గారి హెచ్.ఎం.టి. జనతా ఆగిపోయిందనీ, దాన్ని ఏం చేయాలనీ చివర్లో అడిగారు.

అమలాపురంలో 34 ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్నాను. నాకు కనబడింది చెబుతాను. మీరు ఒకటిగా అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. గొప్ప పనితనం ఉన్న వాచీ రోజూ పెట్టుకోవడానికి పనికొస్తుందన్న నమ్మకం లేదు. చాలాసార్లు ఆ రెండు గుణాలూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. ముందు రోజువారీ సంగతి చూద్దాం, మన ప్రాంతంలో వాచీలు పాడయ్యేది అక్కడే కాబట్టి.

కిందటి శ్రావణంలో అంతర్వేది వైపు నుంచి ఒకాయన వాచీ తెచ్చారు. లక్షలు పోసి కొన్న స్విస్ వాచీ. అద్దం లోపల ఆవిరి పట్టింది. వెనక మూత విప్పితే మర చుట్టల్లో తెల్లటి ఉప్పు, సన్నగా ముగ్గు గీసినట్టు. మూత కింది రబ్బరు రింగు గుండ్రంగా ఉండాల్సింది, బల్లపరుపుగా నలిగి గోరు తగిలితే విరిగిపోయింది. కీ పుల్ల మీద ఎర్రటి తుప్పు, పట్టకారుతో ముట్టుకోగానే పొడిగా రాలింది. ఆ పొడే పళ్లచక్రాల మధ్యకు చేరి మెషిన్ ఆగిపోయింది. "30 మీటర్ల దాకా నీళ్లు పోవని రాసి ఉంది కదండీ" అన్నారాయన. ఆ మాటను నమ్మే చేతికి ఉంచుకుని స్నానం చేశారు, చెరువులో చేయి పెట్టారు.

ఆ 30 మీటర్లు ఎక్కడివో అందరూ తెలుసుకోవాలి. ప్రయోగశాలలో కదలకుండా ఉంచిన కొత్త వాచీ మీద ఆ లోతుకు సమానమైన ఒత్తిడి పెట్టి చేసిన పరీక్ష అది. వాచీ పెట్టుకుని 30 మీటర్లు మునగవచ్చని దాని అర్థం కాదు. వాన చినుకులు, చేతులు కడుక్కున్నప్పుడు చిందే నీళ్లు, అంతవరకే. ఈతకు 100 మీటర్లు రాసి ఉండాలి, కీ మర తిప్పి బిగించేదై ఉండాలి. అదైనా రబ్బరు రింగులు కొత్తగా ఉన్నంత కాలమే. మన దగ్గర ఇంకో చిక్కుంది. మే నెల ఎండలో గట్టు మీద గంట నిలబడితే కేసు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అప్పుడే చల్లటి నీళ్లలో చేయి పెడితే ఆ గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, రింగు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి నీటిని లోపలికి లాగుతుంది. దానికి మునగక్కర్లేదు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి తీయడానికి చేయి ముంచినా చాలు.

దీనికి తోడు ఉప్పు నీళ్లు, చెరువులో చల్లే సున్నం, బ్లీచింగ్ పౌడరు. వాచీ కొనేటప్పుడు వీటిని లెక్కలోకి తీసుకోండి. క్లోరిన్ తగిలిన ఉక్కు మీద సూది మొనతో పొడిచినట్టు చిన్న గుంటలు పడతాయి. వెనక మూత అంచులో, చైను కీళ్లలో మొదలవుతాయి, పైకి కనబడవు.

ఇప్పుడు మీ నాలుగు వాచీల సంగతి.

రివెర్సోను ముందే పక్కన పెడుతున్నాను, అది తక్కువదని కాదు. దాని పుట్టుకకు మన దేశమే కారణం. ఇక్కడ పోలో ఆడే బ్రిటిష్ అధికారులు ఆటలో అద్దాలు పగిలిపోతున్నాయని చెబితే, 1931లో ఈ తిరగబడే కేసు తయారైంది. పక్కకు జరిపి బోర్లా తిప్పితే అద్దం లోపలికి పోయి ఉక్కు వీపు బయటికి వస్తుంది. ఆ జారుడు, చివర్లో టక్కుమనే ఆ పట్టు, చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు సంతోషమే. కానీ నీటికి దాని హద్దు 30 మీటర్లు, ఎక్కువ రకాలకు రోజూ కీ ఇవ్వాలి, తోలు స్ట్రాప్ మన చెమటకు ఏడాది ఆగదు. కేసు జారే గాడిలోకి ఇసుక రేణువు పోతే గీత పడుతుంది. పెళ్లికి పెట్టుకోండి. చెరువు మీదికి వద్దు.

ఎక్స్‌ప్లోరర్ 1953లో, మనుషులు ఎవరెస్టు ఎక్కిన ఏడాదే, వచ్చిన పేరు. ఇప్పటి 36 మిల్లీమీటర్ల ఎక్స్‌ప్లోరర్‌లో తేదీ లేదు, హంగు లేదు. 100 మీటర్ల నీటి హద్దు, మరతో బిగించే కీ, చేతి నుంచి తీసి పెట్టినా 70 గంటలు నడిచే నిల్వ, రోజుకు రెండు సెకన్లకు మించి అటూ ఇటూ పోదని కంపెనీ హామీ. రోలెక్స్ వాడే 904ఎల్ ఉక్కు మామూలు వాచీల 316ఎల్ కంటే ఉప్పునూ క్లోరిన్‌నూ బాగా తట్టుకుంటుంది. వీటన్నిటికంటే నాకు నచ్చేది దాని చైను కొక్కెం. అందులో ఒక ముక్క మడత విప్పితే చైను సుమారు 5 మిల్లీమీటర్లు వదులవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నానికి మణికట్టు ఉబ్బడం మనకు అనుభవమే. పొద్దున సరిపోయిన చైను రెండింటికి కోస్తూ ఉంటుంది. ఏ పనిముట్టూ లేకుండా అప్పటికప్పుడు వదులు చేసుకోగలగడం చిన్న సౌకర్యం కాదు.

మరి అదే తీసుకోమని ఎందుకు చెప్పడం లేదంటే రెండు కారణాలు. ఒకటి, కోరినప్పుడు దుకాణంలో దొరకదు. పేరు రాయించుకుని ఎదురుచూడాలి. ఆగలేక బయటి వర్తకుల దగ్గర అసలు ధరకు మించి ఇచ్చేవాళ్లను చూశాను. ఆ పైడబ్బుతో వాచీలో ఒక్క మర కూడా ఎక్కువ రాదు. రెండోది, మీరు రాత్రుళ్లు చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు చూడటానికి ఒంటరిగా వెళతానని రాశారు. రోలెక్స్ కిరీటాన్ని గుర్తుపట్టని మనిషి ఈ జిల్లాలో లేడు.

ఆక్వా టెర్రాను మన ఊళ్లలో అంతగా గుర్తుపట్టరు. నీటి హద్దు 150 మీటర్లు. దాని లోపల ఉన్న, స్ప్రింగు శక్తిని కొద్దికొద్దిగా వదిలే కో-యాక్సియల్ అమరికను జార్జ్ డేనియల్స్ అనే ఆంగ్లేయుడు ఒంటి చేత్తో కనిపెట్టి, ఏళ్ల తరబడి కంపెనీల చుట్టూ తిరిగిన తర్వాత, 1999లో ఒమేగా మొదటిసారి అమ్మకానికి తెచ్చింది. మామూలు మెషిన్‌లో చక్రం పన్ను చిన్న కెంపు రాయి మీద రాసుకుంటూ జారుతుంది, అక్కడ నూనె ఎండితే టైము తప్పుతుంది. ఇందులో రాపిడి బాగా తగ్గింది కాబట్టి నూనె మీద ఆధారం తగ్గింది. వాచీల నూనె ఎండిపోవడం చూస్తూ బతికినవాడిని, ఆ ఆలోచన ఎంత గొప్పదో నాకు తెలుసు.

అయస్కాంతం సంగతి కూడా ఇక్కడే. ఏరేటర్ మోటార్ల వల్ల వాచీ పాడవుతుందేమోనని అడిగారు. చేయంత దూరంలో నిలబడితే ఆ మోటారు ఏమీ చేయదు. అసలు దోషులు ఇంట్లో ఉంటాయి. ఫోను స్పీకరు, ట్యాబ్ కవరు మూతలోని అయస్కాంతం, ఆడవాళ్ల పర్సు బొత్తం. రాత్రి ఫోను మీద వాచీ పెట్టి పడుకుంటే, వాచీ వేగాన్ని నిర్ణయించే వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, పొద్దునకు అరగంట ముందుకు పోయిన వాచీలు ఎన్నో వచ్చాయి నా దగ్గరికి. ఒమేగా ఇప్పటి మాస్టర్ క్రోనోమీటర్ వాచీల హెయిర్ స్ప్రింగ్ సిలికాన్‌ది, అయస్కాంతం అంటదు. అయస్కాంత బలాన్ని గాస్‌లలో కొలుస్తారు, 15,000 గాస్ దాకా స్విట్జర్లాండ్ తూనికలు కొలతల సంస్థ పద్ధతిలో పరీక్షించి ఇస్తారు. రోజుకు సున్నా నుంచి అయిదు సెకన్ల వరకు ముందుకు పోవచ్చు, వెనకబడకూడదు. మీ అబ్బాయి కువైట్‌లో ఉన్నాడన్నారు. 41 మిల్లీమీటర్ల రకంలో అయితే వెళ్లివచ్చేటప్పుడు గంటల ముల్లు ఒక్కదాన్నే గంట గంటగా జరుపుకోవచ్చు, నిమిషాలూ సెకన్లూ ఆగవు. 38లో ఆ ఏర్పాటు లేదు. వెనక అద్దంలోంచి మెషిన్ కనబడుతుంది కూడా.

దాని లోపం చైను. ఎక్స్‌ప్లోరర్‌లో లాగా మడత విప్పితే వదులయ్యే ఏర్పాటు చాలా రకాల్లో లేదు, కొనేముందు కొక్కెం విప్పించి చూడండి. లేకపోతే రబ్బరు స్ట్రాప్ కూడా తీసుకోండి. చెరువు మీద చైను కంటే అదే మేలు.

ఇక స్నోఫ్లేక్. దీని గురించి రాయాలంటే పనితనం మాట మొదలుపెట్టాలి.

వాచీల పనితనం అంటే మెరుపు అనుకుంటారు చాలామంది. మెరుపు యంత్రం ఇస్తుంది. మా అమ్మ నరసాపురం లేసు అల్లేది. చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసేవాడిని. నిలువు వరస ఎవరైనా అల్లుతారు, మూల తిప్పే చోట చేయి తెలుస్తుంది. సరిగ్గా రాకపోతే మూల ఉబ్బుతుంది, లేదా లోపలికి ముడుచుకుంటుంది. మెషిన్‌లో కూడా నేను చూసేది మూలే. ఉక్కు, ఇత్తడి పలకల అంచులను 45 డిగ్రీల వాలుగా చెక్కి అద్దంలా మెరుగుపెడతారు. అలాంటి రెండు వాలులు లోపలి వైపు మూలలో కలిసేచోట, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి చూడండి. కత్తితో కోసినట్టు రెండు మెరుపు గీతలు ఒక చుక్కలో కలిస్తే అది మనిషి ఆకురాయి పట్టి చేసినది. మూల గుండ్రంగా ఉంటే తిరిగే పనిముట్టు చేసినది, ఎందుకంటే గుండ్రటి పనిముట్టు పదునైన లోపలి మూలలోకి పోలేదు. స్విట్జర్లాండ్‌లోని జూ లోయలో ఇప్పటికీ ఆ అంచులకు జెన్షియన్ అనే కొండమొక్క ఎండు కాడతో చివరి మెరుగు పెట్టేవాళ్లు ఉన్నారు. ఫిలిప్ డ్యుఫూర్ అనే ఆయన ఆ విద్యకు మనం చూడగల పరాకాష్ఠ. మూడు ముళ్లతో ఆయన చేసిన సింప్లిసిటీ వాచీలో టైము చూపించడం తప్ప ఇంకే పనీ లేదు. ఆ మూలల కోసమే లోకం దాన్ని వెతుక్కుంటుంది.

పెద్ద కంపెనీల్లో జర్మనీ గ్లాస్‌హ్యూట్‌లోని లాంగే దగ్గర ఈ పని నాకు ఎక్కువ నచ్చుతుంది. అక్కడ ప్రతి మెషిన్‌నూ రెండుసార్లు బిగిస్తారు. ఒకసారి బిగించి, సరిచూసి, మొత్తం విప్పి, మెరుగులు పూర్తిచేసి మళ్లీ బిగిస్తారు. అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే బ్యాలెన్స్ చక్రాన్ని పట్టి ఉంచే చిన్న వంతెన మీద పువ్వులు చేత్తో చెక్కుతారు, ఎవరు చెక్కారో చేతివాటాన్ని బట్టి అక్కడివాళ్లు చెప్పగలరు. పలకలు జర్మన్ సిల్వర్‌వి. పేరులోనే తప్ప అందులో వెండి లేదు, రాగి, నికెల్, తుత్తునాగం కలిపిన లోహం. పైన పూత వేయరు. చెమట వేలు తగిలితే మచ్చ నిలిచిపోతుంది. అంత గొప్ప వాచీని ఎవరైనా గట్టు మీదికి పెట్టుకువస్తే నాకు నిద్ర పట్టదు.

స్నోఫ్లేక్‌లో చేతిపని మెషిన్ కంటే ముఖం మీద ఎక్కువ. జపాన్ నాగానో ప్రాంతంలోని షియోజిరిలో తయారవుతుంది, అక్కడి కొండల మంచు మీద గాలి గీసిన గీతలే ఆ డయల్. మన కళ్లకు మంచు కొత్త. ఆత్రేయపురం పూతరేకును పొద్దుటి వెలుతురుకు పట్టి చూడండి. పైకి తెలుపే, దగ్గరగా చూస్తే సన్నటి ముడతలు, ఎత్తుపల్లాలు, ఒక్కో కోణంలో ఒక్కో నీడ. డయల్ అచ్చం అలాగే ఉంటుంది. అందులో తెల్ల రంగు లేదు. ముడతలు తీర్చిన పలక మీద వెండి పూత, ఆ వెండి మీద వెలుతురు విరిగి తెల్లగా కనబడుతుంది. దాని మీద నీలం ఉక్కు సెకన్ల ముల్లు. గంటల గుర్తుల అంచులు ఎంత పదునుగా ఉంటాయంటే, దీపం ఒక్కటే ఉన్న గదిలో కూడా ఏదో ఒక అంచు వెలుగు పట్టి టైము చూపిస్తుంది. కేసును జరాత్సు అనే పద్ధతిలో తిరిగే పళ్లెం మీద చేత్తో అదిమి మెరుగుపెడతారు. చేయి కాస్త వణికితే చదునులో అల పడుతుంది. ట్యూబ్‌లైటు ప్రతిబింబాన్ని ఆ చదును మీద జరిపి చూడండి, గీత వంకర పోదు.

ఆ ముల్లు టిక్కుమనదు, నిండు కాలువలో నీరు సాగినట్టు సాగుతుంది. స్ప్రింగ్ డ్రైవ్ అంటారు. శక్తి అంతా మామూలు కీ వాచీలో లాగా స్ప్రింగుదే, సెల్ లేదు. చివరి చక్రం సెకనుకు ఎనిమిది చుట్లు తిరుగుతూ కాస్తంత విద్యుత్తు పుట్టిస్తుంది, దానితో ఒక క్వార్ట్జ్ స్ఫటికం నడుస్తుంది, ఆ లెక్క ప్రకారం అయస్కాంత బ్రేకు చక్రాన్ని తగిన వేగంలో పట్టి ఉంచుతుంది. నెలకు 15 సెకన్ల లోపు తేడా. కేసు టైటానియంది. ఉప్పునీటికి చెక్కుచెదరని లోహం, బరువు ఉక్కులో సుమారు సగం. నీటి హద్దు 100 మీటర్లు, కీ మరది.

ఇన్ని ఉన్నా చెరువు మీదికి దాన్ని చెప్పడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఆ పదునైన అంచులే దాని ప్రాణం. ఇనుప గేటుకు, జనరేటరు గదిలో గోడకు నాలుగుసార్లు తగిలితే ఆ చదును పోతుంది, దాన్ని తిరిగి తెచ్చే చేయి మన దగ్గర లేదు. స్ప్రింగ్ డ్రైవ్ చెడితే నేనే కాదు, కాకినాడలో, రాజమండ్రిలో నాకు తెలిసిన ఏ మెకానిక్కూ విప్పకూడదు.

రోలెక్స్‌లో, ఒమేగాలో పనితనం లేదని దీని అర్థం కాదు. వాళ్లది వేరే రకం. లక్షల వాచీల్లో ఏ ఒక్కటి తీసినా అదే బిగింపు, అదే టైము. అది ఒక్క మనిషి చేతి నుంచి రాదు, ఒక ఊరంత మంది క్రమశిక్షణ నుంచి వస్తుంది. నేను దానికీ నమస్కరిస్తాను.

అందుకని మీకు నా మాట ఆక్వా టెర్రా, 38 మిల్లీమీటర్లది, రబ్బరు స్ట్రాప్‌తో పాటు. మీ మణికట్టు ఆరున్నర అంగుళాలన్నారు, 41 అయితే బయటికి పొడుచుకు వస్తుంది. పనితనం మీద మనసు పడితే రెండు మూడు పంటలు ఆగి స్నోఫ్లేక్ తీసుకోండి, ఊళ్లోకి వెళ్లే రోజులకు. డబ్బు అంత పెట్టలేమనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ట్యూడర్ బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్ చూడండి, 39 మిల్లీమీటర్లు, నీటి హద్దు 200 మీటర్లు. కీ గొడవే వద్దంటే గ్రాండ్ సీకోలోనే సెల్ వాచీలున్నాయి, ఏడాదికి పది సెకన్ల తేడాతో నడుస్తాయి. సెల్ అనగానే చిన్నచూపు చూడకండి, వాటి డయల్‌కూ అదే చేయి పడుతుంది.

ఎక్కడ కొన్నా తేదీ వేసిన గ్యారంటీ కార్డు, బిల్లు తీసుకోండి. మీ అబ్బాయి గల్ఫ్‌లో కొని తెస్తే విమానాశ్రయంలో చూపించి సుంకం కట్టమనండి. బిల్లు లేని వాచీకి రేపు సర్వీసు దగ్గర, అమ్మకం దగ్గర ప్రతిచోటా జవాబు చెప్పుకోవాలి. పాతది కొంటే మాత్రం వెనక మూత విప్పి చూపించనిదే డబ్బు ఇవ్వకండి. కోనసీమలో గల్ఫ్ నుంచి కానుకగా వచ్చిన రోలెక్సులు చాలా చూశాను. వాటిలో కొన్ని నకిలీవని ఆ ఇంటివాళ్లకు చెప్పాల్సి రావడం నా పనిలో అన్నిటికంటే కష్టమైనది.

రోజూ సాయంత్రం కీ బిగించి ఉందో లేదో చూసుకుని మంచినీటితో కడిగి, మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. రెండేళ్లకోసారి నీటి పరీక్ష, రింగుల మార్పు చేయించండి. పూర్తి సర్వీసుకు కంపెనీ కేంద్రానికే పంపండి, హైదరాబాదు దాకా వెళ్లాల్సి వచ్చినా సరే. గీతలు పడ్డాయని పాలిష్ మాత్రం చేయించకండి. ప్రతి పాలిష్‌కూ లోహం అరుగుతుంది, మూలలు గుండ్రబడతాయి, మీరు డబ్బు పెట్టి కొన్న పనితనం అదే.

ఇక మీ నాన్న గారి జనతా. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ సాయంతో హెచ్.ఎం.టి. వాచీలు మొదలుపెట్టింది, ఆ వంశంలోదే ఇది. 17 రాళ్ల మెషిన్, కీ ఇచ్చేది. ఆగిపోయిందంటే నూటికి తొంభైపాళ్లు నూనె ఎండి గట్టిపడి ఉంటుంది. బలవంతంగా కీ తిప్పకండి. కొత్త డయల్ వేస్తామనేవాళ్లకు ఇవ్వకండి. ఆయన చేతి చెమటకు పసుపెక్కిన ఆ డయల్ అలాగే ఉండాలి. విప్పి, కడిగి, నూనె వేస్తే నడుస్తుంది. విడిభాగాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఒక డబ్బాలో దూది పెట్టి తీసుకురండి, ఆదివారం తప్ప ఎప్పుడైనా ఉంటాను.